తెల్లచీర ఇంట్లో వదిలి నారాయణపేటకు పోయిన శుక్రవారం

నల్లగొండ నుంచి నారాయణపేటకు ఎట్లా పోవాలని ఈ మధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. హైదరాబాద్ మీదుగా చుట్టూ తిరిగి పోవడం ఒక దారి. దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల, మహబూబ్‌నగర్ మీదుగా బస్సులు మారుతూ అడ్డంగా పోవడం ఇంకో దారి. నేను పోయింది రెండో దారిన. చూడ్డానికి బాగుంటుందని కాదు, నాలుగు చోట్ల దిగి ఎక్కితే ఆలోచించే తీరిక ఉండదని. నేనొక చిన్న క్రైస్తవ మిషన్ తరఫున ఊళ్లు తిరిగే సేవకురాలిని. ఆడవాళ్ల ప్రార్థన కూడికలు నడపడం, ఇళ్లకు పోయి ప్రార్థన చేయడం, దవాఖానలో పడ్డవాళ్లను చూసి రావడం నా పని. పదిహేనేళ్లు దాటింది. ఆ వారం మా మిషన్ పెద్ద, మేమంతా పెద్దయ్య అని పిలిచే ఆయన, నన్ను పిలిచి ఒక మాట అడిగాడు. సికింద్రాబాద్‌లో ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెన్ కావాలట. కూర్చొని చేసే పని, నెల తిరిగేసరికి జీతం. "నువ్వు బాగా అలిసిపోయినవమ్మా సరోజా, మొఖం చూస్తేనే తెలుస్తాంది. ఊళ్లు తిరుగుతావో, హాస్టల్‌కు పోతావో, శుక్రవారం సాయంత్రానికల్లా చెప్పు" అన్నాడు. హాస్టల్‌కు పోతాననే మనసులో అనుకున్నాను. అయితే నారాయణపేట దగ్గరి పల్లెలో ఉపవాస కూడికకు వస్తానని అక్కడి పాస్టర్ ఏసుదాసుకు ఎప్పుడో మాటిచ్చి రెండుసార్లు తప్పాను. ఆ ఒక్కటీ తీర్చేసి, అదే సాయంత్రం పెద్దయ్యకు ఫోన్ చేసి సేవ మానేస్తున్నానని చెప్పేద్దామని బయలుదేరాను.

బయలుదేరే ముందు ఒక పని చేశాను. మా సేవలో ఉన్న ఆడవాళ్లం తెల్లచీర కట్టుకుంటాం. అది చూడగానే మేమెవరమో జనానికి తెలిసిపోతుంది. బస్టాండులో బెంచీ మీద కూర్చున్నా సరే, పక్కకు ఎవరో ఒకరు వచ్చి చేరతారు. బోరులో నీళ్లు పడాలని, కోడలికి కడుపు పండాలని, కొడుక్కు పోలీసు ఉద్యోగం రావాలని. అడిగినప్పుడు కాదనలేం. అక్కడే కళ్లు మూసుకొని, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయాలి. ఆ రోజు నా వల్ల కాదనిపించింది. ఎప్పుడో ఎవరో పెళ్లిలో పెట్టిన మెరూన్ రంగు చీర బీరువాలోంచి తీసి కట్టుకున్నాను. అద్దంలో చూసుకుంటే పెళ్లికి పోతున్న చిన్నమ్మలాగా ఉన్నాను. నవ్వొచ్చింది, వెంటనే చిరాకూ వచ్చింది. బైబిల్ గ్రంథాన్ని టవల్‌లో చుట్టి సంచిలో అడుగున పెట్టి, పైన నీళ్ల సీసా, స్వెటర్ కుక్కాను.

పొద్దున అయిదున్నర ప్రాంతంలో నల్లగొండ బస్టాండులో దేవరకొండ పల్లెవెలుగు దొరుకుతుంది. గంటన్నర ప్రయాణం. ఆడవాళ్లకు ఆధార్ కార్డు ఉంటే టికెట్ లేదు, మగవాళ్లకు వంద రూపాయల లోపే. కార్డు అసలుదే తీసుకుపోండి, ఫోన్లో ఫోటో చూపిస్తే కొందరు ఒప్పుకోరు. నా కండక్టరమ్మ కార్డు చూసి, నా చీర చూసి, "పెండ్లికా అక్కా, గింత పొద్దున్నే?" అంది. ఊఁ అనేశాను. అబద్ధమాడినందుకు కాసేపు కుదురుగా కూర్చోలేకపోయాను. కిటికీ పక్క నుంచి లేచి అటువైపు సీటుకు పోయాను, అక్కడ గాలి ఎక్కువై మళ్లీ ఇటు వచ్చాను. వెనక సీటు పెద్దమనిషి "ఏందమ్మా, కాలు నిలుస్తలేదు?" అని అడిగే దాకా వచ్చింది. ఆయన అన్నది నిజమే. ఆ నెలల్లో నాకు ఎక్కడా కాలు నిలవడం లేదు. ఇంట్లో ఉంటే ఊరికి పోవాలనిపించేది, ఊళ్లో ఉంటే ఎప్పుడు బయటపడదామా అనిపించేది.

దేవరకొండ దగ్గరపడుతుంటే ఎడమవైపు ఒక తండాకు పోయే మట్టిరోడ్డు వస్తుంది. ఎప్పుడూ అక్కడే దిగేదాన్ని. ఆ రోజు తల తిప్పుకున్నాను. పోయిన ఎండాకాలం ఆ తండాలో లలిత అనే అమ్మాయి కిడ్నీలు చెడిపోయి మంచం పట్టింది. ఇద్దరు చిన్నపిల్లల తల్లి. వారానికి రెండుసార్లు పోయి ప్రార్థన చేశాను, ఉపవాసముండి చేశాను, గొంతు పోయేటట్టు చేశాను. ఆమె బతకలేదు. మట్టి చేసి వచ్చిన మర్నాడు ఇంకో ఊళ్లో కూడిక ఉంటే పోయి బైబిల్ వాక్యం చెప్పాను, అందరూ స్తోత్రం అన్నారు. అప్పటి నుంచి నా నోరు ప్రార్థిస్తూనే ఉంది, లోపల మాత్రం ఎవరూ లేరు. ఇంట్లో ఒంటరిగా మోకరిస్తే ఒక్క మాట రాదు. ఈ సంగతి ఎవరికి చెప్పుకోవాలి? నేను చెప్పుకోగలిగిన వాళ్లంతా వాళ్ల బాధ నాకు చెప్పుకునే వాళ్లే.

దేవరకొండలో చాయ్ తాగి కల్వకుర్తి బస్సు ఎక్కాను. డిండి దాకా రోడ్డు బాగుంది. రెండు పక్కలా బండరాళ్ల గుట్టలు, సీతాఫలం పొదలు, కోసేసిన కంది చేలు. చలి తగ్గి ఎండ మొదలయ్యే రోజులు కాబట్టి పొద్దున తొమ్మిదికే స్వెటర్ తీసేయాల్సి వచ్చింది. డిండి దాటాక గొర్ల మంద రోడ్డుకు అడ్డం వచ్చి బస్సు ఆగింది. డ్రైవర్ హారన్ కొట్టలేదు, ఇంజన్ ఆపేసి బీడీ ముట్టించాడు. "కొట్టినా అవి ఇనయి, మనమే ఆగాలె" అన్నాడు ముందు సీటు ఆవిడతో. అందరూ గొర్లను చూస్తుంటే నేను గడియారం చూస్తున్నాను. కూడిక పగలు రెండు గంటలకు. చేన్లో పని చేసుకొని వచ్చే ఆడవాళ్ల కోసం ఆ సమయం పెట్టుకున్నారు. కల్వకుర్తిలో ఎక్స్‌ప్రెస్ అందుకొని, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్ చేరేసరికి పన్నెండు దాటింది.

మహబూబ్‌నగర్ బస్టాండు బయట ఒకామె పొయ్యి మీద జొన్నరొట్టెలు చేస్తోంది. ఉపవాస కూడికలో వాక్యం చెప్పబోయే మనిషిని, ఉపవాసం నాకూ ఉండాలి. రొట్టె వాసనకు కాళ్లు అక్కడే ఆగిపోయాయి. రెండు రొట్టెలు, పల్లీల చట్నీ, ఉల్లిగడ్డ, నలభై రూపాయలు. ఆమె "ఇంకోటి ఏస్తనమ్మా, మొఖం పీక్కపోయింది" అని, నేను అడక్కుండానే మూడో రొట్టె వేసింది, దానికి డబ్బులు తీసుకోలేదు. మూడూ తిన్నాను. తిన్నాక సిగ్గేసింది కానీ, నిజం చెప్పాలంటే, ఆ నెలలో రుచి తెలిసి తిన్న తిండి అదొక్కటే. ఈ దారిన పోతే ఆకలి మహబూబ్‌నగర్ దాకా దాచుకోండి.

నారాయణపేట బస్సు దేవరకద్ర, మరికల్ మీదుగా పోతుంది, రెండు గంటలకు తక్కువ పట్టదు. మరికల్ దాటాక ఎక్కేవాళ్ల మాటల్లో కన్నడం కలుస్తుంది. ఏసుదాసుకు ఫోన్ చేస్తే కలవలేదు. బస్టాండుకు వచ్చి తీసుకుపోతానన్న మనిషి నేను దిగేసరికి లేడు. అప్పటికే రెండున్నర. ఇక్కడి నుంచే మహబూబ్‌నగర్ బస్సు ఎక్కి వెనక్కి పోదామా అన్న ఆలోచన గట్టిగా వచ్చింది. పోయినా ఎవరూ ఏమీ అనరు, ఫోన్ కలవలేదని చెప్పొచ్చు. అంతలో ఒక ఆటో ఆయన "ఏడికక్కా?" అన్నాడు. ఊరి పేరు చెప్పాను. షేర్ ఆటో అయితే ఇరవై, కానీ నిండేదాకా ఆగాలి. ఒక్కళ్లమే కిరాయికి మాట్లాడుకుంటే నూట యాభై. కిరాయికే మాట్లాడుకున్నాను. "శుక్రవారం ప్రార్థనకేనా? మా వాడకట్టు ఆడోళ్లు గూడ పోతరు. నేను ఇప్పుడే నమాజ్ చేసుకొనొస్తున్న. అందరి దేవుళ్లకు ఇయ్యాల్నే తీరిక దొరికినట్టుంది" అని తనే నవ్వాడు. నాకు నవ్వే ఓపిక లేదు, అయినా నవ్వాను.

ఆ ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు, అది చూసి రావాల్సిన చోటు కాదు, కొందరి ఇల్లు. నేత నేసేవాళ్లు, గొర్లు కాసేవాళ్లు, కూలికి పోయేవాళ్లు పక్కపక్కనే ఉండే వాడ. శాంతమ్మ అనే ఆవిడ ఇంటి ముందు రేకుల పందిరి కింద పాతికమంది దాకా ఆడవాళ్లు కూర్చొని పాట పాడుతున్నారు. సగం మందికి నొసట బొట్టు ఉంది. ఈ వైపు కూడికల్లో అది మామూలే. వాళ్ల పండుగలు వాళ్లు చేసుకుంటారు, శుక్రవారం వచ్చి ఇక్కడ కూర్చుంటారు. నన్ను చూసి శాంతమ్మ లేచి వచ్చింది. "ప్రార్థనకేనా అమ్మా?" అంది. "ఆఁ, ప్రార్థనకే" అన్నాను. "దా, కూసో. మా పాస్టరయ్య కాన్పు మనిషిని తీస్కొని దవాఖానకు పోయిండు. నల్లగొండ నుంచి పెద్దక్క వస్తాంది, తెల్లచీర కట్టుకొని. ఆమె రాంగనే నీ తల మీద చెయ్యి పెట్టిపిస్త. గంతదాక గీడ కూసో" అని నన్ను తీసుకుపోయి నడుమ పరిచిన చాప మీద కూర్చోబెట్టింది.

ఆ చాప సంగతి నాకు తర్వాత తెలిసింది. అక్కడొక పద్ధతి ఉంది. కష్టం ఉన్నవాళ్లు నడిమి చాప మీద కూర్చుంటారు, మిగతావాళ్లు చుట్టూ. కష్టమేంటో ముందు నోటితో చెప్పాలి, అప్పుడే ప్రార్థన. రంగు చీరలో ఒంటరిగా, వాడిపోయిన మొఖంతో దిగిన మనిషిని చూసి వాళ్లు ఇంకేమనుకుంటారు? ఆ పెద్దక్కను నేనేనమ్మా అని చెబుదామనే అనుకున్నాను. శాంతమ్మ కుండలో నీళ్లు ముంచి ఇచ్చింది, తాగి చెబుదామనుకున్నాను. తాగాక, ఈ పాట అయిపోనీ అనుకున్నాను. అసలు సంగతేమిటంటే, పదిహేనేళ్లలో మొదటిసారి ఒక కూడికలో నా మీద ఎవరి కళ్లూ ఆశగా లేవు. కాళ్లు చాపుకొని కూర్చున్నాను.

పాట అయిపోయింది. పెద్దక్క రాలేదు. అందరూ వీధి వైపు చూస్తున్నారు. నా ఎదురుగా ఒక ముసలామె ఉంది, చేతులకు వెండి కడియాలు, నొసట రూపాయంత బొట్టు. పేరు బాలవ్వ అని తర్వాత తెలిసింది. గొర్ల కాపరుల ఇంటి మనిషి, కొడుకులిద్దరూ మందను తోలుకొని కృష్ణ ఒడ్డుకు పోయారు. బాప్తిస్మం తీసుకోలేదు, తీసుకోమని ఎవరూ ఒత్తిడి పెట్టలేదు. ఆమె విసుక్కుంది.

"ఏమే శాంతీ, గా తెల్లచీరామె వచ్చేదాక గీ పిల్ల గిట్లనే కూసుంటదా? మనకు నోర్లు లేవా?" అని నా వైపు తిరిగింది. "ఏం కష్టమొచ్చింది బిడ్డా? మొగడు కొడ్తుండా?"

"లేదవ్వా, పెళ్లి చేసుకోలేదు."

"మరి పానం బాగలేదా?"

నిజం చెప్పేసే సమయం అదే. నేనే ఆ పెద్దక్కనని నోరు తెరిచాను. బయటికి వచ్చింది వేరే మాట. "అలిసిపోయినవ్వా. చాలా అలిసిపోయిన. ప్రార్థన చేద్దామంటే నోట్లకు మాట వస్తలేదు. దేవుడు ఉన్నడో లేడో కూడా తెలుస్తలేదు నాకు" అన్నాను. అని, అంతమందిలో వెక్కివెక్కి ఏడ్చాను. చదువుకున్నదాన్నని, నన్ను చూస్తే ఊళ్లో అందరూ అక్కా అని లేచి నిలబడతారని ఏమీ గుర్తు లేదు. ఏం కష్టమొచ్చిందని ఎవరో నన్ను అడిగి ఎన్నేళ్లయిందో లెక్క లేదు.

బాలవ్వ లేచి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టింది. కడియం నుదుటికి చల్లగా తగిలింది. ఆమె కళ్లు మూసుకోలేదట, పందిరి రేకుల వైపు చూస్తూ మాట్లాడిందట, శాంతమ్మ చెప్పింది.

"ఓ ఏసయ్యా, గీ పిల్ల ఎవ్వరో నాకు తెల్వదు, నీకు తెల్సు. అలిసిపోయిందంట. మా గొర్రె నడ్వలేక దారిల కూలవడితె మేం దాన్ని కొట్టం, లెవ్వమని తిట్టం. భుజం మీద ఏసుకొని మోస్తం. నువ్వు గూడ గట్లనే మొయ్యి. మాట వస్తలేదంట. రాకుంటె ఏమాయె, గొర్రె మాట్లాడుతదా? మాకు ఎరుకపడ్తలేదా దాని బాధ? నువ్వు మాకంటె పెద్దోనివి. జర జల్ది సూడు, పిల్ల మల్ల ఊరికి పోవాలె. గంతే."

ఆమెన్ కూడా అనలేదు. అప్పుడు చుట్టూ ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా, ఎవరి మాటల్లో వాళ్లు, గట్టిగా ప్రార్థన మొదలుపెట్టారు. మా కూడికల్లో ఎప్పుడూ అంతే. ఆ గోల నాకు కొత్త కాదు, వేల సార్లు దాన్ని నడిపించాను. మధ్యలో కూర్చొని వినడం మాత్రం కొత్త. నేను ఏమీ అడగలేదు. అడగాల్సిన పని లేకపోయింది. నాకు రాని మాటలు పాతికమంది నా బదులు మాట్లాడుతున్నారు. దేవుడు ఉన్నాడని ఎవరో రుజువు చేసినట్టు కాదు. ఉన్నాడని నేను మర్చిపోయినా, నా వంతు కూడా కలిపి నమ్మే మనుషులు ఉన్నారని తెలిసింది. ఆ పూటకు నాకది సరిపోయింది.

ప్రార్థన ఇంకా నడుస్తుండగానే మోటార్ సైకిల్ ఆగిన చప్పుడైంది. ఏసుదాసు చెమటలు కక్కుకుంటూ వచ్చి, నన్ను చూసి రెండు చేతులూ జోడించాడు. "వందనాలక్కా! మీరెప్పుడు వచ్చినరు? మాఫ్ చెయ్యున్రి, ఫోన్ చార్జింగ్ అయిపోయింది. ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ మంచిగున్నరు. ఇగ వాక్యం మీరే చెప్పాలె" అన్నాడు.

పందిరి కింద చప్పుడు ఆగిపోయింది. శాంతమ్మ నాలుక కరుచుకుంది. "అయ్యో, నువ్వేనా అక్కా పెద్దక్కవు? నడిమి చాప మీద కూసోబెడితినే!" అని నన్ను లేపబోయింది. నా మొఖం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. అందరూ ఒకరి మొఖం ఒకరు చూసుకుంటుంటే బాలవ్వ ఒక్కతే కదలకుండా కూర్చుంది.

"గయితే ఏమాయె? చేసిన ప్రార్థన మల్ల వాపసు తీస్కుంటమా?" అంది.

ముందు ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత పందిరంతా నవ్వింది. నేనూ నవ్వాను, ముక్కు తుడుచుకుంటూ. ఆ రోజు చెబుదామని రాసుకొచ్చిన వాక్యం సంచిలోనే ఉండిపోయింది. లలిత గురించి చెప్పాను. ఎంత ప్రార్థించినా ఆమె బతకలేదని, ఎందుకో నాకు తెలియదని, తెలుసన్నట్టు ఇన్నాళ్లూ తిరిగానని చెప్పాను. పది నిమిషాలు కూడా మాట్లాడలేదు. తర్వాత అలవాటు ప్రకారం ఒక్కొక్కరే వచ్చి తల వంచారు. బోరు, కోడలు, ఉద్యోగం, అవే కోరికలు. చేతులు నొప్పి పెట్టాయి, కానీ పొద్దున బస్సులో ఉన్న చిరాకు లేదు. చివర్లో బాలవ్వ వచ్చి, కొడుకులు మందతో చల్లగా తిరిగి రావాలని అడిగింది. ఆమె తల మీద చెయ్యి పెడితే నాకు మాట వచ్చింది, చిన్న మాటే.

ఉపవాసం విడిచి అందరం అన్నం, పచ్చిపులుసు తిన్నాం. మూడు రొట్టెల సంగతి శాంతమ్మకు చెప్పేశాను, ఆమె నవ్వి నాకే ముందు వడ్డించింది. పొద్దు వాలుతుంటే గోడవతలికి పోయి పెద్దయ్యకు ఫోన్ చేశాను. ఏం చెప్పాలో అప్పటికీ పూర్తిగా తేల్చుకోలేదు. ఆయన హలో అనగానే తేలిపోయింది. "హాస్టల్‌కు ఇంకెవరినైనా చూడండయ్యా. నేను ఊళ్లలోనే ఉంటా. కానీ ఒక నెల నాకు కూడికలు పెట్టొద్దు. శుక్రవారాలు మాత్రం నారాయణపేటకు వస్తా" అన్నాను.

"వాక్యం చెప్పడానికా?"

"కాదయ్యా. కూర్చోవడానికి."

"అక్కడ చాప మీద ఇంకొకరికి జాగా ఉంటుందా?" అన్నాడు. ఏసుదాసు నోటెంట ఆయన ఆ పద్ధతి ఎప్పుడో విన్నాడట. గొంతు ఒకలాగా ఉంది. ముప్పై ఏళ్లకు పైగా మమ్మల్ని ఊళ్లకు పంపుతున్న మనిషి. ఏం కష్టమొచ్చిందని ఆయన్ని కూడా ఎవరూ ఎప్పుడూ అడిగి ఉండరని అప్పుడు తట్టింది. "ఉంటదయ్యా" అన్నాను.

అలసట అప్పటితో పోలేదు. ఈ రాత రాస్తుంటే కూడా రెండుసార్లు లేచి వాకిట్లో తిరిగి వచ్చాను, ఈ కుదురులేనితనం నాతోనే ఉండేటట్టుంది. విశ్వాసమంటే నా లోపల నిండుగా ఉండాల్సిన సరుకని, అది అయిపోతే నా పని అయిపోయినట్టేనని భయపడ్డాను. ఇప్పుడు ఆ భయం లేదు. నాకు లేని రోజున బాలవ్వ దగ్గర ఉంటుంది, ఆమెకు లేని రోజున శాంతమ్మ దగ్గర. పెద్దయ్య మూడో శుక్రవారం వచ్చాడు. చెప్పులు విడిచి, ఎవరూ చెప్పకముందే నడుమకు పోయి కూర్చున్నాడు. బాలవ్వ ఆయన్ని పైనుంచి కిందికి చూసి, "ఏం కష్టమొచ్చింది కొడకా?" అని అడిగింది.

ఈ దారిన పోయేవాళ్లకు ఒక్కటే సలహా. పల్లెల నుంచి నారాయణపేటకు సాయంత్రం ఆరు దాటితే ఆటో దొరకడం కష్టం, మహబూబ్‌నగర్ వైపు ఆఖరి బస్సును నమ్ముకోవద్దు. ఎవరైనా ఈ పూటకు ఉండిపొమ్మంటే మొహమాటపడకండి, ఉండిపోండి.